బెండకాయ పువ్వుకి మూడు రేకులు ఎక్కువ

పైసా అదనంగా ఇవ్వకుండా మా అమ్మ పువ్వుకి మూడు రేకులు ఎక్కువ వేయించిన ఘనత నాది.

ఐదు రేకుల పువ్వును కంప్యూటర్లో గీసి ఇవ్వడానికి డీటీపీ షాపతను ఐదు వందలు అడిగాడు. మూడు వందల యాభైకి దించాను. అక్కడితో ఊరుకుంటే మా నాన్న కూతుర్ని ఎలా అవుతాను? "ఇదే డబ్బుకి ఎనిమిది రేకులు వెయ్యి" అన్నాను. వేశాడు. "దీదీ, ఈ రేకు మీద మరకుంది, తీసేయనా?" అని హిందీలో అడిగాడు. "ఊరికేనా?" అన్నాను. ఊరికేనన్నాడు. తీసేయమన్నాను. ఆ కాగితం చేత్తో పట్టుకుని షాపు మెట్లు దిగుతుంటే, గోల్‌మురి బజారులో నా అంత బేరగత్తె లేదని నాకు నేనే ఒక సర్టిఫికెట్టు ఇచ్చుకున్నాను.

ఆ తెలివికి ఎంతయిందో చివర్లో చెప్తాను. ముందు పువ్వు సంగతి.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఫ్యాక్టరీ పనికి ఇక్కడికి, టాటానగర్‌కి వచ్చాడు. మా నాన్నకి సైరన్ మోతకి లేవడం పడలేదు. గోల్‌మురి బజారులో కిరాణా కొట్టు పెట్టాడు. నేను బియ్యం బస్తాల మధ్య పెరిగాను. ఆయన నాకు చెప్పిన చదువు ఒక్క వాక్యం: "అడిగితే పోయేదేటే? అడక్కపోతేనే పోద్ది."

అమ్మ ఆ కొట్టు వెనకగదిలో ఆవకాయ పెట్టేది. గోల్‌మురి, అగ్రికో, టెల్కో కాలనీ క్వార్టర్ల నుంచి తెలుగువాళ్లు ఎవరి జాడీ వాళ్లు తెచ్చుకునేవారు. అమ్మ నింపి, నాన్న పాత పంచెలోంచి చింపిన చదరపు గుడ్డను జాడీ మూతికి వాసెన కట్టి ఇచ్చేది. ఒక ఏడాది అగ్రికో నుంచి ఒకావిడ బూజు పట్టిన జాడీతో వచ్చి కొట్టు ముందు కేకలు వేసింది. అమ్మ వాసెన విప్పి ఒక్కసారి వాసన చూసింది. ఆ నూనె మాది కాదు, ఆ ఆవపిండీ మాది కాదు. కానీ ఆ మాట అంటే నమ్మేదెవరు? జాడీలన్నీ ఒక్కలాగే ఉంటాయి. అమ్మ ఇంకో జాడీ నింపి ఇచ్చి పంపించింది.

ఆవిడ వెళ్లాక, కూరకి తరుగుతున్న బెండకాయ తొడిమ దగ్గర కోసి, ఆ మొదలును నాన్న బిల్లుల స్టాంపు ప్యాడ్ మీద అద్ది, ఒక వాసెన గుడ్డ మీద ఒత్తింది. నీలం పువ్వు పడింది.

"రబ్బరు స్టాంపు సేయించనా?" అన్నాడు నాన్న.

"ఎంతవుద్ది?"

నాన్న చెప్పాడు.

"బెండకాయ కూరతోపాటు ఊరికే వత్తాది" అంది అమ్మ. ఆ ఇంట్లో బేరం ఎవరికి బాగా వచ్చో అప్పుడే గ్రహించాల్సింది. తరువాత ఆవిడ అన్న మాట మాత్రం నాకు బాగా గుర్తుంది. "ఈ పువ్వుంటే అది నాది. పాడైతే నాను జవాబు సెప్తాను. పువ్వు లేకపోతే నాకు తెల్దు."

నాన్న పోయాక కొట్టు నేను చూస్తున్నాను. అమ్మకి డెబ్బై దాటాయి. ఆవకాయ మానలేదు, బెండకాయా మానలేదు. మూడేళ్ల కిందట క్వార్టర్ల నుంచి ఒక కొత్త కోడలు ప్లాస్టిక్ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. లోపల పచ్చడి పులిసి నురుగు కక్కుతోంది. మూతి మీద గుడ్డ, గుడ్డ మీద నీలం బెండకాయ పువ్వు. వారం సంతలో కొన్నదట. అమ్మ ఆ పువ్వును చాలాసేపు చూసింది. మంచి పచ్చడి నింపి ఇచ్చింది. ఆ పూట భోజనం దగ్గర కూర్చుని అన్నం కలపకుండా అడిగింది.

"నా పువ్వెట్టి ఎవులో పాడు పచ్చడి అమ్మితే దానికీ నానే జవాబు సెప్పాలేటే? ఇది నాదీ అని రాసిచ్చే ఆఫీసు ఎక్కడా ఉండదేటి?"

"ఉంది" అన్నాను. "కలకత్తాలో."

"అలాగైతే రాయించు. నాదని రాయించు."

అంత స్పష్టంగా చెప్పిన మాటని ఎలా పాడుచేయాలో నాకే తెలుసు. మొదట, బెండకాయ ముద్ర ఆఫీసుకి పంపేంత అందంగా లేదనిపించింది. డీటీపీ షాపు, ఎనిమిది రేకులు, మరక తీత, అదంతా విన్నారు. రెండోది, యజమాని పేరు. అమ్మ పేరు ఆధార్‌లో ఒకలాగ, బ్యాంకులో ఇంకోలాగ ఉంది. దిద్దించాలంటే రెండు పూటలు కొట్టు మూసుకోవాలి. అమ్మదైతే ఏంటి, నాదైతే ఏంటి అని నా పేరు రాశాను. మూడోది, ఎప్పట్నుంచి వాడుతున్నారు అనే గడి. పాతకాలం నుంచి అంటే రుజువులతో నోటరీ అఫిడవిట్ పెట్టాలి. ఇకమీదట వాడతాం అంటే ఏమీ అక్కర్లేదు. ఇకమీదట వాడతాం అని రాశాను. నోటరీ ఖర్చు మిగిలింది.

ఉదయం రైలెక్కి కలకత్తా వెళ్లాను. ట్రేడ్‌మార్క్ ఆఫీసు కౌంటర్లో తెల్లజుట్టు బెంగాలీ గుమాస్తా ఒకాయన ఫారం చూసి, "ఐదు వేలు" అన్నారు.

"నాలుగు చేసుకోండి" అన్నాను.

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి నన్ను చూశారు. ఆ ఆఫీసు చరిత్రలో ఆ మాట అన్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. కోప్పడలేదు. "దీదీ, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో వేసి ఉంటే నాలుగున్నర వేలే" అన్నారు మెల్లగా.

నా జన్మలో అడక్కుండా దొరికే డిస్కౌంటు అదొక్కటే. దాన్ని మా ఇంట్లోనే వదిలేసి, నాలుగు గంటలు రైల్లో కూర్చుని వచ్చాను.

కొన్నాళ్లకి ఆఫీసు నుంచి పరీక్ష నివేదిక వచ్చింది. మీ ఎనిమిది రేకుల పువ్వు, ఇదివరకే వేరే రాష్ట్రంలో ఒక మసాలా వ్యాపారి నమోదు చేయించుకున్న పువ్వును పోలి ఉంది, మీ జవాబు ఏమిటి అని. కింద ఆ పువ్వు బొమ్మ కూడా పెట్టారు. కోపంగా చూశాను. మళ్లీ చూశాను. అచ్చం నాదే. మూడు వందల యాభై ఇచ్చి ఎవరి పువ్వునో గీయించుకున్నాను.

పువ్వు మాది, పాతది, ఎన్నో ఇళ్లలో ఉంది అని జవాబు రాశాను. విచారణకి తేదీ ఇచ్చారు, వీడియోలో. ఇక రుజువులు కావాలి. మా కొట్లో పచ్చడికి ఏనాడూ బిల్లు రాయలేదు. ఉన్నవల్లా వాసెన గుడ్డలు, అవి కూడా జనం ఇళ్లలో.

టెల్కో కాలనీలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉన్నారు. ఆవిడ ఇంటికి స్కూటీ మీద వెళ్లాను. సంగతి విని లోపలికి వెళ్లి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చారు. నిండా మా గుడ్డలే, ఉతికి, ఇస్త్రీ చేసి ఉన్నాయి. ప్రతిదాని మూలనా సిరాతో తేదీ.

"ఇదేంటి టీచరుగారూ?"

"జాడీ ఎప్పుడు తెరిచామో తెలియాలి కదమ్మా. నా కళ్లజోడు వీటితోనే తుడుచుకుంటాను. బైబిలు మీద కప్పేదీ ఒకటుంది, అది మాత్రం ఇవ్వను."

డబ్బా నా చేతిలో పెట్టి ఆవిడే చెప్పారు. "టాటానగర్ రైల్వే క్వార్టర్స్ వెనక గార్డుగారి భార్య దగ్గరికి వెళ్లు. ఆవిడ దగ్గర పెద్దది ఉంది."

పెద్దది అంటే ఏమిటో ఆ ఇంటికి వెళ్లాక అర్థమైంది. గార్డుగారు రిటైరై క్వార్టర్ ఖాళీ చేసినా ఊరు విడవలేదు. ఆయన భార్యని మా అమ్మ అక్క వరసలో అప్పా అని పిలుస్తుంది. ఆవిడ పెట్టె తెరిచి ఒక బొంత తీసి మంచం మీద పరిచింది. పైపొర అంతా వాసెన గుడ్డలు, ఒకదానికొకటి కలిపి కుట్టినవి. నీలం వెలిసి ఊదా అయిన పువ్వులు, లెక్కపెట్టలేనన్ని.

"నా మనవరాల్ని ఇందులోనే పడుకోబెట్టినాను" అంది. "మీ అమ్మ గుడ్డలు మెత్తనివే. మీ నాన్న పంచెలు కదేటి."

కాలేజీకి వెళ్లే ఆ మనవరాలు గుమ్మంలోంచి హిందీలో అంది. "ఆంటీ, అది నాది. వాపస్ ఇస్తారుగా?"

"ఇస్తాను తల్లీ."

"ఊరికే అరువిచ్చెత్తానేటి?" అంది ఆ పిల్ల అవ్వ. "రెండు జాడీలు."

"ఒకటి."

"ఒలే గుంటా, మీ నాన్న దగ్గరే నేర్సుకున్నాను నాను. రెండు."

రెండూ ఒప్పుకున్నాను. బొంతను స్కూటీ ముందు పెట్టుకుని ఇంటికి తెచ్చి కొట్టు వెనకగదిలో పరిచాను. పువ్వులు లెక్కపెట్టడం మొదలెట్టాను. ఐదు రేకులవి ఎక్కువ, ఆరువి కొన్ని, ఏడుది ఒకటో రెండో. ఎనిమిది రేకులది ఒక్కటీ లేదు. అప్పుడే ఇంకోటి కనిపించింది. ఐదైనా ఆరైనా ఏడైనా, ప్రతి పువ్వుకీ ఒక రేకు మిగతా వాటికంటే ముద్దగా, సిరా కమ్మి ఉంది. ఏ ఏటి పువ్వు చూసినా అంతే. టీచరమ్మ గుడ్డలు కూడా పక్కన పెట్టి చూశాను. అంతే.

"అమ్మా, ఈ రేకెందుకు ఇలా ఉంటుంది ఎప్పుడూ?"

అమ్మ దగ్గరికి వచ్చి వంగి చూసింది. నవ్వింది.

"అది నా బొటనేలే. వొంగదు కదా, అటేపు బరువు పడుద్ది."

అమ్మ కుడిచేతి బొటనవేలు వంగదని నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

"మీ నాన్న ఒకేడు మావిడికాయ సవగ్గా వత్తందని బేరమాడి బస్తాలు దింపినాడు. టెంక ముదిరిపోయిన కాయ. కత్తి జారింది." అమ్మ ఆ వేలు నాకు చూపించి, దానితోనే బొంత మీద ఒక పువ్వును నిమిరింది. "పైసలు మాత్రం మిగిల్నాయి లే. ఆయన బేరం ఆయనది."

డీటీపీ షాపతను ఊరికే తీసేసిన మరక అదే.

విచారణ రోజు కొట్టులో బియ్యం బస్తాకి ఫోన్ ఆనించి కూర్చున్నాను. అమ్మ కెమెరాకి కనబడకుండా పప్పు డబ్బాల పక్కన స్టూలు వేసుకుంది. తెర మీద ఆఫీసరమ్మ, నా వయసే ఉంటుంది. బొంత ఎత్తి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. దగ్గరగా, ఇంకా దగ్గరగా అన్నారు. గుడ్డల మీద తేదీలు చదివారు. చేతులు నొప్పెట్టేదాకా పట్టుకున్నాను. తరువాత ఆవిడ హిందీలో, ఒక్కో మాటా తూచినట్టు అన్నారు.

"మీ దరఖాస్తులో ఉన్న పువ్వు ఈ గుడ్డల మీద లేదు. ఈ గుడ్డల మీద ఉన్న పువ్వు మీ దరఖాస్తులో లేదు. ఇకమీదట వాడతామని మీరే రాశారు, ఇవేమో పాతవి. ఈ ముద్ర ఎవరు వేస్తారు?"

"మా అమ్మ, మేడమ్."

"పచ్చడి ఎవరు పెడతారు?"

"మా అమ్మే."

"మరి యజమాని అని మీ పేరు ఉందేమిటి?"

కొట్టు గల్లా దగ్గర కూర్చుని ఏ ప్రశ్నకీ నోరు పడిపోని దాన్ని. బొంతను మడవడం మొదలెట్టాను. అమ్మకి చదువు రాదు గానీ బజారు హిందీ అంతా వచ్చు. ఆ ప్రశ్న ఆవిడకి అందింది. స్టూలు మీంచి నా వైపు చూసింది. ఇంతలో ఎవరో కందిపప్పు అడిగితే లేచి తూచి ఇచ్చింది. మళ్లీ వచ్చి కూర్చోలేదు.

ఆఫీసరమ్మ కోపంగా ఏమీ అనలేదు. దరఖాస్తులో పువ్వుని మార్చి ఇంకో పువ్వు పెట్టడానికి గానీ, ఒక యజమానిని తీసి ఇంకొకరిని పెట్టడానికి గానీ నిబంధన ఒప్పుకోదని చెప్పారు. ఆవిడ ముందున్నది నేను పెట్టిన కాగితం. అది అబద్ధాల కాగితం. ఆఫీసు దాన్ని కాగితంగానే చూసి, నిజం ఏదని అడిగింది. నా జీవితంలో నాతో బేరానికి దిగని మనుషుల్ని అరుదుగా చూశాను.

ఫోన్ పెట్టేశాక అమ్మ దగ్గరికి వెళ్లాను. సంచులు మడుస్తోంది.

"నీ పేరెట్టుకున్నావేటే?"

"నీ ఆధార్‌లో స్పెల్లింగు తప్పుంది. తిరగాల్సొస్తుందని..."

"సరే లే" అంది. "నువ్వు నాదానివే కదా. నీదైనా నాదే."

తిట్టి ఉంటే జవాబు చెప్పేదాన్ని. ఆ సాయంత్రమే మొదటి దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. మర్నాడు కొట్టు మూసి అమ్మని ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లాను. తరువాత నోటరీ దగ్గరికి. పాతకాలం నుంచి వాడుతున్నాం, ఇవిగో రుజువులు అని అమ్మ వేలిముద్ర వేసింది. అదే వేలు. నోటరీ గుమాస్తా, "అమ్మా, ఒక పక్కే బాగా పడింది, ఇంకోసారి వెయ్యండి" అన్నాడు. అమ్మ నన్ను చూసి నవ్వింది. రెండోసారీ అలాగే పడింది.

ఈసారి ఆన్‌లైన్‌లో వేస్తే ఐదు వందలు మిగులుతాయని నాకు తెలుసు. అమ్మ అంది, "నా పేరు రాసే సోటు ఒకసారి సూత్తాను." ఇద్దరం రైలెక్కాం. సంచిలో ఫారం, బొంత ఫొటోలు, అమ్మ ఆ ఉదయం తెల్లకాగితం మీద ఒత్తిన ఐదు రేకుల పువ్వు, ఒక రేకు ముద్దగా. ఒకవేళ మళ్లీ ఒత్తమంటారేమోనని అడుగున నాలుగు బెండకాయలు, స్టాంపు ప్యాడు కూడా.

కౌంటర్లో అదే గుమాస్తా. నన్ను గుర్తుపట్టి, "ఈసారి ఎంత తగ్గించమంటారు?" అని నవ్వారు. పూర్తి ఐదు వేలు లెక్కపెట్టి ఇచ్చాను. అమ్మ చిన్న ఆవకాయ సీసా బల్ల మీద పెట్టింది. ఆయన చేతులు జోడించి, తీసుకోకూడదన్నారు.

"లంచం కాదు బాబూ, రుసి సూడ్డానికి" అంది అమ్మ. నేను హిందీలో చెప్పాను. ఆయన సీసాని మెల్లగా అమ్మ వైపు తోసి, అమ్మ పేరు ఉన్న రసీదు దాని పక్కన పెట్టారు. తిరుగు రైల్లో అమ్మ సీసా సంచిలో పెట్టేసి రసీదు మాత్రం చేతిలోనే ఉంచుకుంది. అందులో తన పేరెక్కడుందో వేలుపెట్టి చూపించమని ఖరగ్‌పూర్ దాకా రెండుసార్లు అడిగింది.

ఆ తరువాత ఆఫీసు వాళ్ల పత్రికలో అమ్మ పువ్వు అచ్చైంది. అది అందరికీ చూపించి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండని నాలుగు నెలలు ఆగుతారు. అమ్మకి ఆ నాలుగు నెలలూ నిద్ర లేదు. "ఎవులైనా గొడవెట్టినారేటి?" అని రోజూ అడిగేది. గుడ్డలు తిరిగి ఇవ్వడానికీ, ఒక జాడీ పచ్చడి ఇవ్వడానికీ అమ్మని తీసుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడే అమ్మకి ధైర్యం చెప్పారు. "మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పేర్లు చదువుతారు వదినా, అభ్యంతరం ఉన్నవాళ్లు లేవండని. నా పెళ్లప్పుడు మూడు ఆదివారాలూ తల ఎత్తలేదు నేను. ఎవరూ లేవలేదు. మీకూ లేవరు."

ఎవరూ లేవలేదు.

సర్టిఫికెట్టు వచ్చిన రోజు ప్రింటు తీయించి అమ్మ చేతికిచ్చాను. ఇంగ్లీషు అక్షరాలన్నీ వదిలేసి పువ్వు మీద కళ్లు నిలిపింది. ముద్ద రేకు మీద బొటనవేలు ఆనించింది. సరిపోయింది. "నాదే" అంది.

దాని నకలు ఒకటి పట్టుకుని ఇద్దరం సంతకి వెళ్లాం. నేను గొడవకి సిద్ధమయ్యాను. అమ్మ నన్ను ఆపి, ఆ పచ్చడి అమ్మే ఆవిడ పక్కన కూర్చుని, "నీ సేతి పచ్చడికి నీ గుర్తెట్టుకోమ్మా. బాగుంటే నీకే పేరు" అని హిందీలో చెప్పింది. ఇప్పుడావిడ బంగాళాదుంప చెక్కి చేప బొమ్మ వేస్తోంది. పోయిన వారం అమ్మ ఆ చేపని చూసి, "సేప బాగుందే" అంది. పచ్చడి గురించి ఏమీ అనలేదు.

ఇక బిల్లు. డీటీపీ మూడు వందల యాభై. మొదటి ఫీజు ఐదు వేలు. మొదటిసారి రైలు, ఆటో, భోజనం ఆరు వందల నలభై. ఆధార్ దిద్దుబాటు, నోటరీ కలిపి ఐదు వందల ముప్పై. రెండో ఫీజు ఐదు వేలు. ఇద్దరి ప్రయాణం, భోజనాలు పద్నాలుగు వందల ఎనభై. గార్డుగారి ఇంటికి రెండు జాడీలు, టీచరమ్మకి ఒకటి, కొట్టు ధర ప్రకారం తొమ్మిది వందలు. బెండకాయ రెండు రూపాయలు. మొత్తం పదమూడు వేల తొమ్మిది వందల రెండు.

అమ్మ చెప్పినట్టు, అమ్మ పేరు మీద, అమ్మ పువ్వే ఆన్‌లైన్‌లో పెట్టి ఉంటే ఐదు వేల తొమ్మిది వందల ముప్పై రెండుతో అయిపోయేది. తేడా ఏడు వేల తొమ్మిది వందల డెబ్బై. అందులో అమ్మతో చేసిన కలకత్తా ప్రయాణం, దాని కోసం ఎక్కువ కట్టిన ఐదు వందలతో సహా, పంతొమ్మిది వందల ఎనభై. దాన్ని నష్టం కింద రాయను.

మిగిలింది ఐదు వేల తొమ్మిది వందల తొంభై. అది నా తెలివి ఖరీదు. తగ్గించమని ఎవరినీ అడగలేదు.